సైకిల్ ప్రయాణానికి గంటల లెక్క



సైకిల్ మీద రెండు మూడు రోజులు ఊళ్లు తిరిగి రావాలని ఇప్పుడు చాలామంది అనుకుంటున్నారు. కాలేజీ పిల్లలు అనుకుంటున్నారు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు అనుకుంటున్నారు. రిటైరైన పెద్దవాళ్లూ అనుకుంటున్నారు. అనుకోగానే మొదట చేసే పని ఒకటే. ఫోన్ తీసి మ్యాపు చూస్తారు. ఇక్కణ్ణించి అక్కడికి ఎన్ని కిలోమీటర్లని చూస్తారు. వచ్చిన అంకెని సెలవు రోజులతో భాగిస్తారు. రోజుకి 120 అని తేలుతుంది. ఇంటి దగ్గర పొద్దున్నే గంటకి 20 కిలోమీటర్లు తొక్కుతున్నాం కదా, ఆరు గంటల్లో అయిపోతుందిలే అనుకుంటారు. చాలా ప్రయాణాలు ఇక్కడే చెడిపోతాయి. ఈ పూట నేను చెప్పదలుచుకున్నది ఒకే ఒక్క సంగతి. సైకిల్ ప్రయాణాన్ని కిలోమీటర్లలో లెక్కవేసుకోవద్దు. గంటల్లో వేసుకోండి. ఆ గంటలు కూడా పగటి వెలుతురులో సగం దాటనివ్వకండి. మరోసారి చెబుతాను. గంటల్లో వేసుకోండి, పగటిలో సగం దాటనివ్వకండి.

సగమే ఎందుకు? అన్నానికి ఎసరు పెట్టేటప్పుడు గిన్నె అంచుదాకా నీళ్లు పొయ్యం. పొంగుకి చోటు వదులుతాం. ప్రయాణంలో కూడా పొంగుకి చోటు కావాలి. జనవరి నెల తీసుకోండి. రాజమండ్రి దగ్గర పొద్దు ఆరున్నరకి పొడుస్తుంది. సాయంత్రం ఆరు కాకముందే కుంగుతుంది. అంటే సుమారు 11 గంటల పగలు. అందులో సగం అయిదున్నర గంటలు. పెడల్ మీద కాలు ఉండాల్సింది ఆ అయిదున్నర గంటలే. తక్కిన అయిదున్నర గంటలు ఖాళీ అనుకునేరు. ఖాళీ కాదు. టిఫిను అందులోనే. భోజనం అందులోనే. మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా చెట్టు కింద నడుం వాల్చడం అందులోనే. పంక్చరు పడితే, చక్రం విప్పి, ముల్లు వెతికి, ప్యాచ్ వేసి, గాలి కొట్టేసరికి అరగంట. రైలు గేటు పడితే పావుగంట. దారి తప్పి వెనక్కి వస్తే మరో అరగంట. వీటిలో ఏది ఎప్పుడొస్తుందో ముందు తెలీదు. ఏదో ఒకటి రావడం మాత్రం ఖాయం. పగలంతా తొక్కుడుకే రాసిచ్చేసినవాడికి ఒక్క పంక్చరుతో లెక్క తలకిందులవుతుంది. చీకట్లో తొక్కాల్సి వస్తుంది. సగమే రాసుకున్నవాడికి అదే పంక్చరు ఒక చిన్న విరామం.

ఇది కొత్తగా కనిపెట్టిన లెక్కేమీ కాదు. సైకిల్ మీద ప్రపంచం చుట్టి వచ్చినవాళ్లలో మొదటివాడు థామస్ స్టీవెన్స్. ఆయన 1884 ఏప్రిల్‌లో అమెరికా పడమటి కొసన ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరాడు. ముందు పెద్ద చక్రం, వెనక చిన్న చక్రం ఉండే ఆనాటి ఎత్తు సైకిల్ అది. ఆగస్టులో తూర్పు తీరాన ఉన్న బోస్టన్ చేరాడు. దాదాపు 6000 కిలోమీటర్లు. పట్టిన కాలం నూట మూడున్నర రోజులు. అందులో 20 రోజులు వానల వల్లా తక్కిన ఇబ్బందుల వల్లా ఆగిపోయాడు. దారిలో మూడో వంతుకి పైగా సైకిల్ని తోసుకుంటూ నడిచాడు. మొత్తం మీద సగటు తీస్తే రోజుకి 57 కిలోమీటర్లు. ఆ తరవాత ఐరోపా, పర్షియా దాటి, 1886లో మన దేశానికి వచ్చాడు. లాహోరు నుంచి కలకత్తా దాకా గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద తొక్కాడు. అదే ఏడాది డిసెంబరుకి జపాన్‌లో యొకహామా చేరి తన ప్రయాణం ముగించాడు. ఆయన మామూలు మనిషి కాదు, గట్టి పిండం. అలాంటివాడికే ఆగిన రోజులూ నడిచిన దారీ కలుపుకుంటే సగటు 57 దగ్గర నిలిచింది. ఇవాళ మన సైకిలూ మేలైంది, రోడ్డూ మేలైంది. నిజమే. కానీ వాన, ఎక్కుడు, ఎదురుగాలి అప్పుడెలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. ఆయన సగటులోంచి నేను తీసుకునేది ఆ అంకెని కాదు. ఆగిన రోజుల్ని కూడా ప్రయాణంలో భాగంగా లెక్కగట్టిన పద్ధతిని.

మరి గంటల లెక్క ఎలా వెయ్యాలి? ముందు మీ వేగం మీకు తెలియాలి. ఖాళీ సైకిల్ వేగం పనికిరాదు. సామానుతో వేగం కావాలి. ఇంట్లో 10 కిలోల బియ్యం సంచి ఉంటుంది. దాన్ని క్యారియరుకి గట్టిగా కట్టండి. ఆదివారం పొద్దున పక్క ఊరికి వెళ్లి రండి. ఎవరితోనూ పందెం వద్దు. మాట్లాడుతూ తొక్కగలిగినంత వేగం చాలు. బయలుదేరినప్పుడు టైము చూసుకోండి. తిరిగి వచ్చాక చూసుకోండి. మంచినీళ్లకి ఆగిన నిమిషాలు తీసెయ్యొద్దు, అవీ లెక్కలోవే. చాలామందికి గంటకి 12 నుంచి 15 కిలోమీటర్ల మధ్య తేలుతుంది. అదే మీ అసలు వేగం. ఇప్పటికి 13 అనుకుందాం. అయిదున్నర గంటలు తొక్కితే సుమారు 70 కిలోమీటర్లు. చదునైన నేల మీద ఇది మీ రోజు.

చదునైన నేల మీద అన్నాను. ఎక్కుడు వస్తే లెక్క మారుతుంది. మనిషి, సైకిల్, సామాను అన్నీ కలిపి 110 కిలోలు అనుకుందాం. దీన్ని 100 మీటర్ల ఎత్తుకి మోసుకెళ్లాలంటే, నిలకడగా 100 వాట్ల బలంతో తొక్కే మనిషికి 18 నిమిషాలు పడుతుంది. మామూలు ఆరోగ్యం ఉండి, రోజూ తొక్కే అలవాటున్న మనిషి గంటల తరబడి పెట్టగలిగిన బలం ఇంచుమించు అంతే. కాబట్టి గుర్తుపెట్టుకోడానికి వీలుగా ఒక మాట. ప్రతి 100 మీటర్ల ఎక్కుడికీ 20 నిమిషాలు కలపండి. శృంగవరపుకోట నుంచి అరకు తీసుకోండి. దూరం సుమారు 65 కిలోమీటర్లు. మన లెక్కన అయిదు గంటలు. కానీ అరకులోయ సముద్రానికి 900 మీటర్ల పైన ఉంది. దారిలో అంతకన్నా ఎత్తయిన చోట్లు దాటి, మళ్లీ లోయలోకి దిగుతాం. ఎక్కుడు మొత్తం 1000 మీటర్లకి తగ్గదు. అంటే మరో మూడు గంటల 20 నిమిషాలు. మొత్తం ఎనిమిది గంటలు దాటింది. చదును మీద ఒక పూట దూరమే ఇక్కడ పగలంతా మింగేసింది. అందుకే అనంతగిరిలో రాత్రి ఆగి, మర్నాడు అరకు చేరుకునేలా వేసుకోవాలి. ఆ ఎక్కుడికి తిండి కూడా కావాలి. 1000 మీటర్లు ఎక్కడానికి ఒంట్లో ఖర్చయ్యే శక్తి దాదాపు 1000 కేలరీలు. పావు కిలో పైచిలుకు బియ్యం వండుకు తింటే వచ్చేంత. పొద్దున రెండిడ్లీలతో ఘాట్ రోడ్డు ఎక్కబోతే సగంలో కాళ్లు వణుకుతాయి. అది చేతకానితనం కాదు, ఆకలి.

గాలి సంగతి కూడా చూడాలి. మనం గంటకి 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నాం. ఎదురుగా గాలి కూడా 15 వేగంతో వీస్తోంది. ఒంటికి తగిలే గాలి 30 అవుతుంది. తగిలే గాలి రెట్టింపైతే అడ్డు నాలుగింతలు అవుతుంది. అందుకే ఎదురుగాలిలో చదునైన రోడ్డు కూడా మిట్ట ఎక్కినట్టే ఉంటుంది. కోస్తాలో చలికాలం గాలి సాధారణంగా ఈశాన్యం నుంచి వీస్తుంది. ఇచ్ఛాపురం నుంచి నెల్లూరు వైపు దిగితే ఆ గాలి వీపుని తోస్తుంది. నెల్లూరు నుంచి పైకి వస్తే మొహాన కొడుతుంది. రోడ్డు అదే. దూరం అదే. గంటలు మాత్రం వేరు. తీరానికి దగ్గర్లో మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది. సముద్రం వైపు తొక్కే పని ఏదన్నా ఉంటే పొద్దున్నే ముగించుకోవాలి. ఇవేవీ కిలోమీటర్ల లెక్కలో కనిపించవు. గంటల లెక్కలోనే కనిపిస్తాయి.

మొదటిసారి వెళ్లేవాళ్లు ఎక్కడికి వెళ్లాలి? కాలువ గట్లున్న గోదావరి డెల్టాకి వెళ్లండి అంటాను. దానికి కారణం ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో మొదలైంది, 1852లో పూర్తయింది. అక్కణ్ణించి తవ్విన కాలువల్లో నీళ్లు తమంతట తామే పారాలి. అదే నీళ్ల మీద పడవలూ నడవాలి. వాలు ఎక్కువైతే పడవ ఎదురెక్కలేదు, గట్టూ కోసుకుపోతుంది. అందుకని కాలువని కంటికి కనిపించనంత తక్కువ వాలులో తీసుకెళ్లారు. నేల దిగిన చోట్ల లాకులు కట్టారు. కాలువ పక్కన వేసిన గట్టు రోడ్డుకి కూడా ఆ వాలే వచ్చింది. నూట డెబ్భై ఏళ్ల కిందట పడవల కోసం చేసిన లెక్క ఇవాళ సైకిలుకి అక్కరకొస్తోంది. ఆ ఇంజినీర్ల కొలతకీ, ఆ మట్టి మోసిన వేలాది కూలీల చెమటకీ సైకిల్ తొక్కేవాళ్లు ఎంతో రుణపడి ఉన్నారు.

రాజమండ్రిలో రైలు దిగి మూడు రోజుల దారి ఒకటి ఊహించుకోండి. ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక. అక్కణ్ణించి కాలువ వెంబడి ఆత్రేయపురం. ఆత్రేయపురంలో పూతరేకులు చేసే చేతుల్ని నిలబడి చూడాలి. పల్చటి బియ్యప్పిండి జారులో గుడ్డ ముంచి, వేడెక్కిన కుండ మీద ఒక్కసారి పరిచి తీస్తారు. రేకు లేస్తుంది. చూడ్డానికి అరగంట. ఆ పక్కనే ర్యాలి. అక్కడి గుళ్లో ఒకే రాయిలో ముందు విష్ణువు, వెనక మోహిని. అక్కడో అరగంట. లొల్ల లాకులు చూసుకుని, రావులపాలెం, కొత్తపేట మీదుగా సాయంత్రానికి అమలాపురం. మొత్తం 70 కిలోమీటర్ల లోపు. రెండో రోజు రాజోలు మీదుగా సఖినేటిపల్లి వైపు. వీలుంటే అంతర్వేది దాకా వెళ్లి, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు చూడొచ్చు. మూడో రోజు సఖినేటిపల్లి రేవులో సైకిలుతో సహా పంటు ఎక్కి, గోదావరి దాటి నరసాపురం చేరాలి. అక్కణ్ణించి పాలకొల్లు, క్షీరారామం చూసుకుని భీమవరం. భీమవరంలో రైలుంది. ఈ దారిలో పంటు సంగతి గమనించండి. మ్యాపులో అది అంగుళం కూడా ఉండదు. రేవులో నిలబడితే పంటు నిండాలి, కదలాలి, అవతలి ఒడ్డు చేరాలి. కిలోమీటర్ల లెక్కతో వచ్చినవాడు గడియారం చూసుకుంటూ విసుక్కుంటాడు. గంటల లెక్కతో వచ్చినవాడు గోదావరిని చూస్తాడు.

సామాను గురించి కాస్త చెప్పాలి. తారు రోడ్డు ప్రయాణానికి క్యారియరుకి రెండు పక్కలా వేలాడే సంచులు చాలు. బైక్‌ప్యాకింగ్ అనేది ఇంకో పద్ధతి. అందులో క్యారియర్ ఉండదు. సీటు వెనక ఒకటి, హ్యాండిల్ ముందు ఒకటి, మధ్య కడ్డీల నడుమ ఒకటి సంచులు బిగిస్తారు. రాళ్ల బాటల్లో, మట్టి దారుల్లో సామాను ఊగకుండా ఉంటుంది. ఏ పద్ధతైనా 10 కిలోలు దాటనివ్వకండి. చదును మీద బరువు అంతగా తెలీదు. 1000 మీటర్లు ఎక్కేటప్పుడు మాత్రం ఇంకో 10 కిలోలు పెరిగితే మరో పావుగంటకి పైగా తింటుంది. దిగేటప్పుడు బ్రేకు రబ్బర్లనీ తింటుంది. డెల్టాలో టెంటు దండగ. నేలంతా వరి, కొబ్బరి, చేపల చెరువులు. ఊరూరా లాడ్జీలూ, పుణ్యక్షేత్రాల్లో సత్రాలూ ఉన్నాయి. ఆ బరువుకి బదులు ఒక ట్యూబు, ప్యాచులు, సొల్యూషను, చిన్న గాలి పంపు, పానాలు పెట్టుకోండి. కొన్ని గేర్ల సైకిళ్లకి సన్నటి వాల్వు ఉంటుంది. పల్లెటూరి షాపులో పంపు మూతి దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టరు దొరుకుతుంది, జేబులో పడెయ్యండి. మామూలు నల్ల సైకిలుకి ఈ చిక్కులేదు. దాని ట్యూబు చిన్న ఊళ్లో కూడా దొరుకుతుంది. గేర్లు లేని సైకిల్ డెల్టాలో నిక్షేపంగా నడుస్తుంది. ఖరీదైన సైకిల్ కొన్నాకే వెళ్తామని ఏళ్ల తరబడి వాయిదా వేసుకునేవాళ్లని చూస్తే బాధ కలుగుతుంది.

ఈ లెక్క మీద కొన్ని అభ్యంతరాలు వస్తాయి. అవి తీసిపారేసేవి కావు. మాకు దొరికేది మూడు రోజుల సెలవు, ఇంత నెమ్మదిగా వెళ్తే ఎక్కడికి చేరతాం అని అడుగుతారు. ఇల్లు దాటి జాతీయ రహదారి మీద లారీల మధ్య తొక్కే మొదటి రోజుని రైలుకి వదిలెయ్యమంటాను. బ్రేక్ వ్యాన్ ఉన్న రైళ్లలో సైకిల్ని సామానుగా బుక్ చెయ్యొచ్చు. స్టేషన్లో పార్సిల్ ఆఫీసుకి ముందుగా వెళ్లి కనుక్కోండి. రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి మీకు ఇష్టమైన చోట ఉంటారు. దూరం రైలు తింటుంది, మంచి దారి మీకు మిగులుతుంది. ఇంకొందరు సాహసం మాటేమిటి అంటారు. బ్రెవేలు అనే గడువు పెట్టిన దూరప్రయాణాల్లో ఒక్క రోజులో 200 కిలోమీటర్లు తొక్కుతున్నారు కదా అంటారు. తొక్కుతున్నారు. వాళ్లంటే నాకు గౌరవం. కానీ అదీ గంటల లెక్కే, చూడండి. 200 కిలోమీటర్లకి గడువు పదమూడున్నర గంటలు. అంటే ఆగిన సమయంతో కలిపి గంటకి సుమారు 15 కిలోమీటర్లు. వాళ్లు దాదాపు సామాను లేకుండా వెళ్తారు. నెలల తరబడి అలవాటు చేసుకుంటారు. చాలామంది మర్నాడు విశ్రాంతి తీసుకుంటారు. అది ఓర్పుకి పరీక్ష. వరసగా మూడు రోజులు, నాలుగు రోజులు తొక్కి, చివరి రోజు కూడా పొద్దున్నే సంతోషంగా సైకిలెక్కాలంటే ఆ కొలత వేరు. ఇవాళ ఎంత తొక్కారన్నది కాదు ప్రశ్న. రేపు తొక్కబుద్ధవుతుందా అన్నది.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం భద్రత. మన రోడ్ల మీద సైకిలుకి ప్రమాదం ఉంది. దాన్ని తక్కువ చేసి చెప్పను. హెల్మెట్ పెట్టుకోవాలి. వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలగాలి. కానీ ప్రమాదం పెరిగేది ముఖ్యంగా రెండు చోట్ల. ఒకటి చీకట్లో. రెండోది దగ్గర దారి అని పెద్ద రహదారి పట్టినప్పుడు. ఈ రెండూ ఆలస్యమైనవాళ్లు చేసే పనులే. చేతిలో గంటలు మిగిలినవాళ్లు పది కిలోమీటర్లు చుట్టయినా పల్లె దారిన వెళ్తారు. పొద్దుండగానే చేరతారు. ఒంటరిగా వెళ్లే ఆడపిల్లలకి ఈ లెక్క ఇంకా ముఖ్యం. నాలుగు గంటలకల్లా ఊరు చేరితే బస నచ్చకపోయినా ఇంకోటి వెతుక్కునే వ్యవధి ఉంటుంది. ఏడు గంటలకి చేరితే దొరికిందే గతి. పిల్లని పంపాలా వద్దా అని తటపటాయించే అమ్మానాన్నలకి కూడా చెబుతున్నాను. ఎంత దూరం వెళ్తున్నావని అడక్కండి. ఎన్నింటికి చేరతావని అడగండి. దానికి ఆ అమ్మాయి కాగితం మీద జవాబు రాసి చూపించగలిగితే నిశ్చింతగా పంపొచ్చు. అడవి దారుల్లో అయితే గడియారమే చట్టం. నల్లమలలో మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్లే దారిలో పులుల అభయారణ్యం ఉంది. రాత్రి పూట గేట్లు మూసేసి రాకపోకలు ఆపుతారు. సైకిలుకి అనుమతి ఉందో లేదో, ఏ వేళల్లో ఉందో అటవీ శాఖవాళ్లని అడిగాకే ఆ దారి తలపెట్టాలి.

ఇక కాలం. కోస్తాలో అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాన్ల భయం. ఒక్కోసారి డిసెంబరు మొదటి వారాల్లోనూ. మార్చి దాటితే ఎండ. వేసవిలో పగటిలో సగం అన్న లెక్క కూడా చెల్లదు, పొద్దున తొమ్మిది దాకానే తొక్కగలం. కాబట్టి జనవరి, ఫిబ్రవరి నెలలు మేలు. సంక్రాంతికి కోనసీమ చూడాలనుకునేవాళ్లు లాడ్జీ చాలా ముందుగా మాట్లాడుకోండి, ఊళ్లన్నీ చుట్టాలతో నిండి ఉంటాయి. కనుమ నాడు అక్కడి జగ్గన్నతోటలో ప్రభల తీర్థం అనే జాతర. ఆ రోజు ఆ దారుల్లో సైకిల్ నడిపించుకుంటూ పోవాల్సిందే. ఆ రోజుకి అయిదున్నర గంటలు కూడా వద్దు, రెండు గంటల తొక్కుడే రాసుకోండి. నీళ్లకి రెండు సీసాలు పెట్టుకోండి. ఎండలో చెమటతోపాటు ఉప్పు కూడా పోతుంది కాబట్టి మధ్యమధ్య ఉప్పేసిన మజ్జిగ తాగండి. కొబ్బరి బొండాలకి కోనసీమలో కొదవలేదు.